ఆ ‘మీరు’ ఎవరిని?

పోయిన వారం మన సందేహాన్ని పోలీస్ స్టేషన్ గుమ్మంలో ఒక కాలు లోపల, ఒక కాలు బయట పెట్టించి వదిలేశాం. పాపం, వారం నుంచీ అలాగే నిలబడి ఉంది. ముందు ఆ పిల్లని లోపలికి రానిద్దాం.

సందేహం అన్నది కన్నవాళ్ళు పెట్టిన పేరు కాదు. ప్రతి మాటకీ “నాకో సందేహం” అంటుందని అక్క మొగుడు పెట్టాడు. ఇంటిల్లిపాదికీ అదే నోటికి పట్టేసింది. ఆ అక్క మొగుడే ఈ స్టేషన్‌కి ఇన్‌స్పెక్టరు. సందేహం యూనివర్సిటీలో సమాజశాస్త్రం మీద పరిశోధన చేస్తోంది. విషయం వింటే మీకూ నవ్వొస్తుంది. ఎవరు ఎవరిని ‘నువ్వు’ అంటారు, ఎవరిని ‘మీరు’ అంటారు, నేరం మోపగానే మనిషి పేరు చివరి ‘గారు’ ఎక్కడికి పోతుంది, శిక్ష తీరాక మళ్ళీ తిరిగొస్తుందా రాదా. “దీనికి డాక్టరేట్ ఇస్తారా?” అని బావ భోజనం మధ్యలో పొలమారేలా నవ్వాడు. “మా స్టేషన్‌కొచ్చి కూర్చో. బల్ల ముందు కుర్చీలో ఉన్నవాడు మీరు, గోడ దగ్గర నిలబడ్డవాడు ఒరేయ్. నీ పుస్తకం ఒక్క పేజీలో అయిపోతుంది” అన్నాడు.

ఇప్పుడు ఆ నవ్వు లేదు. బజారులో గడియారాల షోరూం దోచేశారు. తాళం పగల్లేదు, వంగలేదు, దాని మీద గీత కూడా పడలేదు. ఎవరో శుభ్రంగా తెరిచారు. షోరూంకి ఎదురుగా రోడ్డు పక్కన గోనె పరుచుకుని తాళాలు బాగుచేసే ముసలతన్ని తెల్లారేసరికల్లా జీపెక్కించారు. తాళాలతను ఒకప్పుడు జైలుకి వెళ్ళొచ్చిన మనిషి. ఆ సంగతి బజారంతా మర్చిపోయింది. మరి బావకెలా తెలిసింది? ఇంకెలా, మన సందేహం వల్లే! పరిశోధన కోసం అడిగితే అతను మనసు విప్పి చెప్పుకున్నాడు. ఈవిడగారు భోజనాల దగ్గర నోరు జారింది. పేరు చెప్పలేదు, వీధి చెప్పలేదు, ‘తాళాలు బాగుచేసే ఒకాయన’ అంది, అంతే. ఆ బజార్లో తాళాలు బాగుచేసే ఒకాయనలు ఎంతమంది ఉంటారు చెప్పండి!

అందుకే గుమ్మంలో కాళ్ళు ఆగిపోయాయి. లోపలికి వెళితే అతని మొహం చూడాలి. వెళ్ళకపోతే కేసు రాసేస్తారు. ఇదివరకే జైలు చూసినవాడిని ఈసారి తొందరగా వదలరు, అతనికా వయసు మీదపడింది. బయటి గాలి పీల్చుకునే రోజు మళ్ళీ వస్తుందన్న నమ్మకం లేదు. ఆ పాపం ఎవరి మెడకి చుట్టుకుంటుందో ఆమెకి తెలుసు. పళ్ళు బిగించి రెండో కాలు కూడా లోపల పెట్టింది.

ఇన్‌స్పెక్టరు గది ఇరుకు. ఉబ్బిపోయి తలుపు మూసుకోని ఇనప బీరువా, ఒక పక్కకి ఒరిగి తిరిగే ఫ్యాను, బల్ల. బల్లకి అటు బావ కుర్చీ, ఇటు వచ్చినవాళ్ళకి ఒకే ఒక్క కుర్చీ. దాని జతది కాలు విరిగి వరండాలో పడి ఉంది. ఉన్న ఆ ఒక్క కుర్చీలో షోరూం ఆయన కూర్చున్నాడు. ఇస్త్రీ నలగని చొక్కా, మాసిపోని బూట్లు. వర్తక సంఘానికి అధ్యక్షుడు కూడా. తాళాలతను గోడకి చేరగిలబడి నిలబడ్డాడు. ఆమెని చూసి, ఏమీ జరగనట్టు, చిన్నగా తలాడించాడు. తిట్టినా బాగుండేది. సందేహం బీరువా పక్కన, పరిశోధన కోసం రోజూ వచ్చి కూర్చునే తన స్టూలు మీద ముడుచుకుని కూర్చుంది.

“ఆ తాళం మామూలుది కాదు సార్,” షోరూం ఆయన అంటున్నాడు. “గీత పడకుండా తెరవాలంటే చిన్నప్పట్నుంచీ ఆ పనిలో పుట్టి పెరిగి ఉండాలి సార్. అలాంటి చెయ్యి ఈ ఊళ్ళో ఒక్కటే ఉంది సార్.”

“ఇతన్ని మీరు ఇదివరకు ఎరుగుదురా?” బావ అడిగాడు.

“నేనా! భలేవారే సార్. ఇలాంటివాళ్ళతో నాకేం పరిచయం సార్? షోరూంకి వస్తూ పోతూ కనిపిస్తుంటారు, అంతే సార్.” గొంతు తగ్గించాడు. “మీరు కేసు రాయడమే ఆలస్యం సార్. మా సంఘం లారీ బయటే ఉంది సార్. రోడ్డు పక్కన గోనెలూ, బళ్ళూ, గొడుగులూ ఈ పూటే ఎత్తించేస్తాం సార్. అదంతా దొంగల అడ్డా అని ఎప్పట్నుంచో మొత్తుకుంటున్నాం సార్. ఇప్పుడు సాక్ష్యం దొరికింది సార్.”

కిటికీలోంచి లారీ కనిపిస్తూనే ఉంది. చెప్పులు కుట్టేవాళ్ళు, గొడుగులు బాగుచేసేవాళ్ళు, పాత పుస్తకాలవాళ్ళు, అందరూ ఒక్క మనిషి మీద పడబోయే ముద్రకి గోనెలతో సహా కొట్టుకుపోతారు. ఒకణ్ణి దొంగ అంటే వీధి మొత్తాన్ని దొంగ అనడం ఎంత సులువో, సందేహం చదువుకున్న చదువులో ఎక్కడో ఉంది. కానీ చదువుకున్నప్పుడు దానికి లారీ ఇంజను చప్పుడు లేదు.

“ఏరా, నోరు విప్పవేం?” బావ గోడవైపు తిరిగాడు. “బెల్లం కొట్టిన రాయిలా ఆ నిలబడ్డం ఏంటి? చక్కగా నిలబడు!”

తాళాలతను చక్కగా నిలబడబోయాడు. మోకాలు సహకరించలేదు. గోడ వెంబడే జర్రున కిందికి జారాడు. సరిగ్గా అప్పుడే బావ కూడా, కానిస్టేబుల్‌ని పిలవడానికి కుర్చీలోంచి సగం లేచాడు.

“అయ్యయ్యో, మీరు కూర్చోండి!”

అన్నది షోరూం ఆయన. అనడమే కాదు, స్ప్రింగు ఊడినట్టు కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు కూడా! మరుక్షణం బావవైపు తిరిగి, “మీరెందుకు సార్ లేవడం, కూర్చోండి సార్” అని నవ్వి, చొక్కా సర్దుకుని, మళ్ళీ కూర్చున్నాడు. కానిస్టేబుల్ వచ్చి తాళాలతని జబ్బ పట్టి లేపాడు. బావ మళ్ళీ కాగితాలు ముందుకి లాక్కున్నాడు. ఎవరికీ ఏమీ పట్టలేదు.

సందేహానికి మాత్రం పట్టింది. రోజుల తరబడి ఆ స్టూలు మీద కూర్చుని వింది. ఆ గోడవైపు ‘ఒరేయ్’ వెళ్ళింది, ‘నువ్వు’ వెళ్ళింది, రాయకూడనివీ చాలా వెళ్ళాయి. ‘మీరు’ ఒక్కసారి కూడా వెళ్ళలేదు. ఇప్పుడు వెళ్ళిందా? లేక తన చెవులే తనని మోసం చేశాయా?

“బావా, ఒక్కసారి బయటికి రా!”

“స్టేషన్‌లో బావేంటే? ఇన్‌స్పెక్టర్ గారూ అనాలి.”

“ఇన్‌స్పెక్టర్ గారూ, మీకు చెవుడా? దయచేసి బయటికి రండి!”

కానిస్టేబుల్ నవ్వు దాచుకోవడానికి గోడవైపు తిరిగాడు. బావ మొహం మాడ్చుకుని వరండాలోకి నడిచాడు. కాలు విరిగిన కుర్చీ పక్కన ఇద్దరూ గొంతులు తగ్గించి కీచులాడుకున్నారు.

“వాళ్ళిద్దరికీ పరిచయం ఉంది బావా. పైపై పరిచయం కాదు. ఆ పెద్దమనిషి ఇతన్ని ‘మీరు’ అన్నాడు.”

“నన్ననుంటాడు. నేనూ లేచాగా.”

“నిన్నైతే సార్ ఏదీ? లోపలికొచ్చిన దగ్గర్నుంచి నీతో ఆడిన ప్రతి మాటకీ సార్ అని తోక తగిలిస్తున్నాడు. ఊపిరి తీసుకోడం మర్చిపోయినా అది మర్చిపోలేదు. ఆ ఒక్క మాటకే తోక లేదు! నీకు చెప్పింది రెండోసారి. మొదటిది కప్పెట్టడానికి.”

బావ భుజాలు ఎగరేశాడు. “అయితే? ముసలాడు పడిపోయాడు, జాలేసింది, నోటికొచ్చింది. పెద్దవాళ్ళని మీరు అనడం నేరమా?”

“నీ కానిస్టేబుల్ ఆ షోరూం ఆయనకంటే పెద్దవాడు కాదూ? తలుపు దగ్గర కుర్రాణ్ణి పిలిచినట్టు ‘ఏయ్, ఆ ఫ్యాను పెంచు’ అన్నాడు. ఆ పెద్దమనిషి వయసుకి మీరు అనే రకం కాదు. జాలేసినా అనడు. జాలికి కూర్చోమంటారు, లేచి నిలబడరు! ఆయన లేచి నిలబడ్డాడు బావా. ఎవరు వస్తే లేస్తాం మనం?”

బావ గెడ్డం గోక్కున్నాడు. అతను చెడ్డవాడు కాదు. పని తొందరలో తేలిక దారి పట్టే మనిషి, అంతే. ఆ తేలిక దారే ఎంతోమందిని జైలు దాకా నడిపిస్తుందని మరదలు చాలాసార్లు దెప్పింది. “చూడూ, లారీవాళ్ళు గోల పెడుతున్నారు. పైవాళ్ళు ఫోన్ల మీద ఫోన్లు. కానిస్టేబుల్ టీ తెచ్చి ఇచ్చేదాకా ఆగుతాను. ఈలోగా ఏం నిరూపిస్తావో నిరూపించు. ఆ తర్వాత నేను రాసేస్తాను.”

“చాలు. నువ్వు ఒక్కటే చెయ్యి. నువ్వు మాట్లాడకు. ఆయన్నే ఇతనితో మాట్లాడించు.”

లోపలికొచ్చి బావ దర్జాగా వెనక్కి వాలాడు. “మీరే అడగండి సార్, వీడు మాకు నోరు విప్పడం లేదు. సొమ్ము పోయింది మీది. మీకైనా చెబుతాడేమో.”

షోరూం ఆయన తడబడ్డాడు. “నేనెందుకు సార్... మీ పని...”

“పర్లేదు, అడగండి.”

ఆయన గోడవైపు తిరిగాడు. గొంతు సవరించుకున్నాడు. “ఆ... ఆ టైములో ఎక్కడ ఉండడం జరిగింది?”

సందేహం స్టూలు అంచుకి జరిగింది. వచ్చేస్తోంది!

తాళాలతను మోకాలు రుద్దుకున్నాడు.

“తాళం దగ్గరికి రావడం... జరిగిందా, లేదా?”

తాళాలతను తలెత్తి ఫ్యాను వైపు చూశాడు.

“తెరిచాక ఆ గడియారాలు... ఎక్కడ పెట్టడం జరిగిందో చెప్తే... అందరికీ మంచిది.”

బావ మొదట నవ్వాడు. ఏంట్రా ఈయన, బజారు పెద్దమనిషి, గుమస్తా రాసిన నోటీసులా మాట్లాడుతున్నాడు అనుకున్నాడు. తర్వాత నవ్వు మెల్లగా ఆగింది. మనందరం ఎప్పుడో ఒకప్పుడు చేసిన పనే అది. కొత్త చుట్టం వయసు తెలియక, నువ్వు అంటే ఏం నొచ్చుకుంటుందో, మీరు అంటే ఏం నవ్వుతుందో అని, “భోజనం అయ్యిందా?” అని తప్పించుకోలేదూ! వెళ్ళావా అనడానికి లేదు, వెళ్ళారా అనడానికి లేదు. ‘వెళ్ళడం జరిగిందా’ అంటే ఎవరూ చిక్కరు. కానీ ముక్కూమొహం తెలియని దొంగతో ఆ అవస్థ ఎవరు పడతారు? ‘ఏరా దొంగవెధవా’ అంటే సరిపోదూ!

బావ మరదలివైపు చూశాడు. ఆమె కళ్ళు వెలిగిపోతున్నాయి. ఉండబట్టలేక తనే అంది:

“సార్, నాకో సందేహం. ఇతనే దొంగ అని మీకు గట్టి నమ్మకం కదా? అయితే ఆ మాట మాకు కాదు, ఇతని మొహం మీదే చెప్పండి. ‘నువ్వు దొంగవి’ అనండి. రెండే రెండు మాటలు.”

“ఈ అమ్మాయి ఎవరు సార్?” షోరూం ఆయన కోపంగా బావవైపు తిరిగాడు.

“మా మరదలు. వదలదు. చెప్పేయండి సార్, పోయిందేముంది?” బావ గొంతులో ఎగతాళి లేదు. బల్ల మీదికి వంగాడు.

షోరూం ఆయన లేచాడు. అడుగు ముందుకేశాడు. తాళాలతని మొహంలోకి చూశాడు. “ను...” అన్నాడు. గొంతులో వెలక్కాయ పడ్డట్టు ఆగిపోయాడు. నుదుటి మీద చెమట. పెదాలు తడుపుకుని మళ్ళీ నోరు తెరిచాడు. ఈసారి ఆ ఒక్క అక్షరం కూడా రాలేదు.

అప్పటిదాకా ఉలకని పలకని తాళాలతను, గోడ వదిలి, మోకాలు పట్టుకుని, నెమ్మదిగా నిటారుగా నిలబడ్డాడు.

“మంచినీళ్ళు తాగరా చిన్నోడా,” అన్నాడు. “గొంతు ఆరిపోతోంది నీకు. ఆ మాట నీ నోటికి రాదులే. రానీకుండా పెంచింది నేనే కదా.”

వర్తక సంఘం అధ్యక్షుణ్ణి, బజారంతా చేతులు కట్టుకునే మనిషిని, ‘తాగరా చిన్నోడా’ అన్నాడు. ఆయన తల దించుకున్నాడు. ఇస్త్రీ చొక్కాలో ఆ భుజాలు చటుక్కున చిన్నపిల్లాడివి అయిపోయాయి.

టీ గ్లాసులతో వచ్చిన కానిస్టేబుల్ గుమ్మంలోనే బిగుసుకుపోయాడు.

“మీకితను...” బావ మొదలుపెట్టి, ఎవరిని అడుగుతున్నాడో తనకే తెలియక ఆగాడు.

“నా శిష్యుడు బాబూ,” తాళాలాయన అన్నాడు. “నా పక్కనే గోనె మీద కూర్చుని ఆకురాయి పట్టాడు. నేను జైలుకి పోయినప్పుడు వీడొక్కడే ఏడ్చాడు. తర్వాత షాపు పెట్టాడు, పెద్దవాడయ్యాడు. గోనె మీద కూర్చున్నవాడని తెలిస్తే ఎవరు గడియారం కొంటారు? అందుకే నన్ను ఎరగనట్టు ఉండమని నేనే చెప్పాను. రోజూ ఎదురుగా కారు దిగుతుంటే చూసుకుంటాను. నాకు అది చాలు.”

సందేహానికి కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. గెలిచింది! ఒక్క మాట పట్టుకుని గెలిచింది! ఇంటికెళ్ళి అక్కని పట్టుకుని గంతులేయాలనిపించింది. ఆ సంతోషం ఇంకా గుండెలో కుదురుకోకముందే, అందులోంచే ఇంకో ఆలోచన సూదిలా గుచ్చుకుంది. ఆ తాళం తెరవగల చెయ్యి ఈ ఊళ్ళో ఒక్కటే అని ఇందాక అన్నదెవరు? ఆ ఒక్క చెయ్యి పని నేర్పింది ఎవరికి?

ఒకటి కాదు. రెండు.

మరదలి మొహంలో మారిన రంగు చూసి బావకీ అర్థమైంది. పోలీసు బుర్ర ఇక పరుగెత్తింది. మెల్లగా లేచి, కానిస్టేబుల్ చేతిలోంచి టీ గ్లాసు తీసుకుని, బల్ల మీద ఈ వైపు పెట్టాడు.

“మీరు కూర్చోండి,” అన్నాడు.

ఖాళీ కుర్చీ ఒక్కటే ఉంది. అలవాటు ఎంత చెడ్డదో చూడండి, షోరూం ఆయన చెయ్యి వెనక్కి పెట్టి కుర్చీ అందుకుని కూర్చోబోయాడు.

“నిన్ను కాదు.”

ఆ మాట చెంపదెబ్బలా తగిలింది. షోరూం ఆయనకే కాదు, సందేహానికి కూడా. ఇంకా ఏదీ రుజువు కాలేదు, ఎవరూ ఒప్పుకోలేదు. ఒక్క అనుమానంతో అవతలి మనిషి ‘మీరు’ ఊడి కిందపడింది. ఇంతకుముందు గోడ దగ్గరున్న ముద్రే కుర్చీ దగ్గరికి నడిచొచ్చింది, అంతేగా! ఇందుకోసమేనా తను ఇంత రచ్చ చేసింది? “బావా, ఆగు” అనబోయింది.

ఆమె కంటే ముందు తాళాలాయన అన్నాడు. కూర్చోలేదు. కుర్చీ వీపు పట్టుకుని నిలబడ్డాడు. మొహంలో ఇందాకటి నిదానం లేదు, కంగారు.

“లేదు బాబూ, తప్పు. వాణ్ణి దొంగని చేయకండి. నేను నోరు మూసుకున్నది వాడు దొంగని కాదు. నా గోనె ఎదురుగానే కదా, రాత్రిళ్ళూ అక్కడే పడుకుంటాను, చూశాను. తాళం తెరిచింది వాడే. తెరిచి, వెనక్కి తిరిగి చూడకుండా వెళ్ళిపోయాడు. సొంత షాపు తలుపు ఎవరో బలవంతం చేస్తే తెరిచినట్టు, ఏడుస్తూ తెరిచాడు. లోపలికి వెళ్ళింది వాడు కాదు.”

“మరి ఎవరు?” బావ అడిగాడు.

తాళాలాయన నోరు తెరిచాడు.

దభీమని చప్పుడైంది. కుర్చీ పడిపోయింది. షోరూం ఆయన ఆ మాసిపోని బూట్లతో, ఇస్త్రీ చొక్కాతో, స్టేషన్ నేల మీద మోకాళ్ళ మీద కూలబడి, తాళాలాయన రెండు పాదాలూ పట్టేసుకున్నాడు. వరండాలో ఉన్నవాళ్ళు, కిటికీ అవతల లారీవాళ్ళు, వీధంతా వినపడేలా అరిచాడు:

“చెప్పకండి మాస్టారూ! మీరు చెప్పకండి! ఆ పేరు మీ నోట వస్తే నేను బతకను!”